పాలు పొంగుతున్నాయన్న మనిషి

బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడల్లా మా ఆయన తనలో తాను నవ్వుకుంటారు. చుట్టూ జనం హారన్లు మోగిస్తూ, అద్దాలు దించి ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ ఉంటే, ఈయన ఒక్కరే స్టీరింగు మీద వేళ్ళు ఆడిస్తూ హాయిగా కూర్చుంటారు. ఆ నవ్వు ఎవరి కోసమో నాకు తెలుసు. నా కోసం మాత్రం కాదు.

ఆవిడ పోయిందని నాకు పోయిన వారం తెలిసింది. తెలియగానే ఏడుపు రాలేదు. ఉక్రోషం వచ్చింది. బతికున్నన్నాళ్ళూ నా మొగుడి నవ్వులో వాటా తీసుకున్న మనిషి, ఇప్పుడు పోయి ఆ వాటా ఖాయం చేసుకుందే అనిపించింది. పోయినవాళ్ళ మీద అలా అనుకోవచ్చా అంటే, అనుకోకూడదు. కానీ అనుకున్నాను.

ఆవిడ మాకు చుట్టం కాదు, స్నేహితురాలూ కాదు. ఐసీయూలో నర్సు. మా ఆయన ఆవిడ చేతిలో ఉన్నది ఒక వారం. ఆ వారం మాత్రం ఇన్నేళ్ళయినా మా ఇంట్లోంచి కదలలేదు.

మూడేళ్ళ కిందటి మాట. మా ఆయన ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తారు. మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్లో ప్లేటు పట్టుకుని వరసలో నిలబడ్డ మనిషి, నిలబడ్డచోటే కూలిపోయారు. గుండె ఆగిపోయింది. వెనకాల ఉన్న కుర్రాళ్ళు ఆలస్యం చెయ్యకుండా ఛాతీ మీద నొక్కుతూ ఉన్నారట. అంబులెన్సు వచ్చింది, షాకులిచ్చారు, గుండె మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. నేను విద్యుత్ శాఖ ఆఫీసులో గుమస్తాని. ఫోను రాగానే ఆటో ఎక్కి, గచ్చిబౌలిలో ఆసుపత్రికి చేరేసరికి, గుండె ఆడుతోందమ్మా అన్నారు. అక్కడే గోడకి చేరగిలబడి, కనిపించని దేవుళ్ళందరికీ దండాలు పెట్టుకున్నాను. గండం గడిచిందనుకున్నాను.

గడవలేదు. డాక్టరుగారు కూర్చోబెట్టి చెప్పారు. గుండె ఆగి ఉన్నంతసేపూ మెదడుకి నెత్తురు అందలేదు. ఇప్పుడు అందుతోంది కానీ, దెబ్బ తిన్న మెదడుకి ఈ ఒకటి రెండు రోజులే అసలు గండం. ఒంట్లో వేడి పెరిగితే ఆ దెబ్బ ఇంకా ముదురుతుంది. అందుకని మందులిచ్చి నిద్రపుచ్చి, ఒంటిని కావాలని చల్లబరిచి, ఆ చల్లదనంలోనే ఉంచి, తర్వాత మెల్లిగా మామూలు వేడికి తెస్తాం అన్నారు. లేస్తారా అని అడిగాను. లేస్తే నన్ను గుర్తుపడతారా అని కూడా అడిగాను. ఇప్పుడే ఏమీ చెప్పలేం, మీరూ తొందరపడి ఏమీ అనుకోకండి అన్నారాయన. అలాంటప్పుడు ఏమీ అనుకోకుండా ఉండటం ఎవరివల్ల అవుతుందో నాకు తెలీదు.

లోపలికి పంపేది పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. మిగతా రోజంతా ఆయన ఆవిడ చేతుల్లోనే.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఆవిడ మానిటర్‌తో పోట్లాడుతోంది. అది కుయ్యి కుయ్యిమంటుంటే, "ఏందే నీ లొల్లి, జర ఆగు" అని దాని నెత్తి మీద ఒకటి తట్టి, వైరు సరిచేసింది. గుండ్రటి మొహం, ముక్కుపుడక, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. నలభైకి దగ్గర్లో ఉంటుంది. జనగామ దిక్కు మనిషి. పుప్పాలగూడ పాత ఊళ్ళో కిరాయి గదిలో ఉంటూ బైక్ టాక్సీ ఎక్కి డ్యూటీకొచ్చేది. ఆ హెల్మెట్లు తల మీద జుట్టు ఉండనివ్వట్లేదని రోజూ తిట్టుకునేది. నన్ను చూడగానే అక్కా అంది. అండీ లేదు, మేడం లేదు. "గట్ల దూరం నిలబడ్డవేంది అక్కా, దగ్గరికి రా" అంది. మా వైపు మొదటి పరిచయంలో ఎవరూ ఎవర్నీ నువ్వు అనరు. నాకు ఒళ్ళు మండింది.

ఇంకా మండే సంగతి మంచం మీద ఉంది. మా ఆయన పాపిడి మార్చేసింది. ఆయన పాపిడి ఎప్పుడూ ఎడమవైపు. పెళ్ళినాటి ఫోటోలోనూ ఎడమవైపే. ఆవిడ తడిగుడ్డతో మొహం తుడిచి, శుభ్రంగా కుడివైపుకి దువ్వి పెట్టింది. నేను బ్యాగులోంచి దువ్వెన తీసి సరిచేశాను. సాయంత్రం వెళ్ళేసరికి మళ్ళీ కుడివైపే. మళ్ళీ మార్చాను. మర్నాడు మళ్ళీ. నోరు తెరవని ఆ మనిషి తల మీద మేమిద్దరం ఇలా పోట్లాడుకున్నాం, పైకి మాత్రం ఒక్క మాట కూడా అనుకోలేదు.

ఆవిడకి ఇంకో అలవాటు. స్పృహలేని మనిషితో అన్నీ చెప్పి చేసేది. సారూ, పక్కకు తిప్పుతున్న. సారూ, సూది గుచ్చుతున్న, ఓర్చుకో. డ్యూటీకి రాగానే మంచం దగ్గర నిలబడి బయట వార్తలన్నీ విన్నవించుకునేది. గచ్చిబౌలిలో ఏ రోడ్డు తవ్వారో, ఏ ఆఫీసు బస్సు ఎక్కడ ఆగిపోయిందో, అన్నీ. ఒకరోజు నేను కర్టెన్ ఇవతల ఉండగా అంటోంది: "బయోడైవర్సిటీ కాడ ఫుల్ జామ్ ఉన్నది సారూ. నువ్వు ఈడ సల్లగ పండుకున్నవు, నయం."

ఆ జంక్షన్ అంటే మా ఆయనకి ఎంత కసో లోకంలో నాకొక్కదానికే తెలుసు. రోజూ ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ నాకు చెప్పుకునే కష్టం అది. అది కూడా పట్టుకెళ్ళిపోయిందీవిడ అనుకున్నాను.

చల్లబరిచిన మర్నాడు సాయంత్రం వెళ్ళి ఆయన పాదం పట్టుకున్నాను. పట్టుకుని వదిలేశాను. అంత చల్లటి పాదం నా జన్మలో ఒక్కసారే ముట్టుకున్నాను, మా నాన్నని హాల్లో పడుకోబెట్టినప్పుడు. డాక్టరు చెప్పింది అంతా చెవుల్లో ఉంది. ఉంటే ఏం, చేతులకి తెలియదుగా. మా ఇళ్ళలో మనిషి చల్లబడితే చేసే పని ఒక్కటే, అరికాళ్ళు రుద్దడం. చందానగర్ మార్కెట్లో పొద్దున్నే కొన్న ఉన్ని మేజోళ్ళు బ్యాగులో ఉన్నాయి. వాటిని తొడిగేసి, దుప్పటి కింద చేతులు దూర్చి, బలమంతా పెట్టి రుద్దడం మొదలుపెట్టాను. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, చేతులు మాత్రం ఆగట్లేదు.

ఆవిడ వచ్చి చూసింది. అరవలేదు. నా రెండు చేతులూ మణికట్ల దగ్గర పట్టుకుని ఇవతలికి తీసింది. మేజోళ్ళు విప్పింది.

"కాళ్ళు వేడి చేస్తే ఆ వేడి తలకెక్కుతది అక్కా. ఇయ్యాల సారును ఎంత సల్లగ ఉంచితే రేపు అంత మంచిగ లేస్తడు. నీకు చెయ్యి ఊరుకోకపోతే నా చెయ్యి రుద్దు."

నిజంగానే చెయ్యి చాపింది. నేను రుద్దలేదు. నా మొగుడి కాళ్ళు ముట్టుకోవద్దనడానికి నువ్వెవరు అని నోటి చివరిదాకా వచ్చింది. ఆయన మంచి కోసమే అంటోందని తెలుసు. తెలిసీ మండింది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయనకి జ్వరమొస్తే నేనే, కాలు బెణికితే నేనే. వేరే మనిషి వడ్డిస్తే సరిగ్గా తినని మనిషి. ఇప్పుడు నేను ప్రేమగా ముట్టుకుంటే హాని, ఆవిడ ముట్టుకుంటే వైద్యం. ఆవిడ ఆ మేజోళ్ళని మడిచి తన కోటు జేబులో వేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు మెల్లమెల్లగా వేడి పెంచడం మొదలుపెట్టారు. నిద్రమందులు తగ్గించారు, ఆపేశారు. ఇక మెలకువ రావాలి. రాలేదు. మందు ఒంట్లోంచి దిగడానికి టైం పడుతుంది, అప్పుడే నిరాశపడొద్దన్నారు. పిలవండి, తెలిసిన గొంతు వింటే మంచిదన్నారు. పిలిచాను. ఏమండీ అని, ఇదిగో అని, సిగ్గు విడిచి పేరు పెట్టి కూడా పిలిచాను. కనురెప్ప అయినా కదల్లేదు.

నేను బయటికొస్తుంటే ఆవిడ వెంట వచ్చింది. సారు పొద్దున ఎట్ల లేస్తడు అని అడిగింది. ఆ సమయంలో ఆ ప్రశ్నేమిటని విసుక్కుంటూనే చెప్పాను. చందానగర్‌లో ఈ కొత్త ఫ్లాట్‌లోకి మారాక మొదలైన అలవాటు అది. నాకు ఆఫీసు దూరమైపోయింది. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి స్నానానికి పోయేదాన్ని, స్టవ్ ఆపడం ఆయన డ్యూటీ. అలారానికి లేవరు, తట్టినా లేవరు. ఏమండీ, పాలు పొంగిపోతున్నాయి, లేవండి అంటే మాత్రం దుప్పటి తన్నేసి పరిగెత్తేవారు. చాలా రోజులు అసలు పాలు పెట్టకుండానే అనేదాన్ని. ఖాళీ స్టవ్ దగ్గర నిలబడి నన్ను చూసి నవ్వేవారు. అదంతా చెప్తుంటే నాకే నవ్వొచ్చి, ఆ నవ్వులోంచే ఏడుపొచ్చింది. ఆవిడ లవంగం నములుతూ అంతా విని, తల ఊపి లోపలికి పోయింది.

మర్నాడు మధ్యాహ్నం నేను కింద క్యాంటీన్లో ఉన్నాను. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని మా ఆడపడుచు బలవంతంగా ఇడ్లీ ముందు పెట్టింది. అది చల్లారిపోయింది, నేను ఒక్కో ముక్కా తుంచి సాంబారులో పడేస్తున్నాను. ఆవిడ మెట్ల మీంచి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అక్కా, సారు కండ్లు తెరిచిండు. పాలు పొంగుతున్నయి సారూ, లే, అన్న. తెరిచిండు."

ఎంగిలి చేత్తోనే ఆవిడని కౌగిలించుకున్నాను. ఆ సంతోషం అబద్ధం కాదు. మెట్లెక్కుతుంటే నాలుగో మెట్టు మీదో ఐదో మెట్టు మీదో గానీ ఆ ముల్లు గుచ్చుకోలేదు. మాట నాది. మొగుడు నావాడు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఆవిడ ఉంది. నేను కింద ఇడ్లీ ముందు కూర్చుని ఉన్నాను.

తర్వాత నోట్లోంచి ఊపిరి గొట్టం తీశాక, డాక్టరుగారు వచ్చి ఆయన తెలివి పరీక్షించారు. పేరు చెప్పారు. ఊరు చెప్పారు. ఏ సంవత్సరమంటే తడబడ్డారు. అప్పుడు నన్ను చూపించి, ఈవిడెవరు అని అడిగారు. మా ఆయన నన్ను చూశారు. చాలాసేపు చూశారు. ఇంతాచేసి నన్ను పోగొట్టుకుంటే ఆ బతికిన మనిషితో నేనేం చెయ్యాలి అనిపించింది. ఆయన తల తిప్పి, పరీక్షలో పక్కవాడి కాగితం వైపు చూసినట్టు ఆవిడ వైపు చూశారు. ఒక్క సైగ చేస్తే చాలు, చెప్పేసేవారే.

ఆవిడ గిర్రున వెనక్కి తిరిగి, గోడకి మొహం పెట్టి నిలబడింది.

"నా దిక్కు జూడకు సారూ. జవాబు ఆడున్నది."

ఆయన మళ్ళీ నా వైపు తిరిగారు. పెదాలు కదిపారు. మా ఆవిడ, అన్నారు. డాక్టరుగారు నవ్వారు, మా ఆడపడుచు ఏడ్చింది. నేను ఆయన చెయ్యి పట్టుకుని అలాగే ఉండిపోయాను. అయినా నేనెవరో అడిగితే జవాబు కోసం ఎవరి వైపు చూశారన్నది మాత్రం మర్చిపోలేదు. అంతటితో ఊరుకున్నారా, కాసేపటికి, ఆ సిస్టరేదీ అని అడిగారు.

ఐసీయూ నుంచి వార్డుకి మార్చే రోజున ఆవిడ కోటు జేబులోంచి ఉన్ని మేజోళ్ళు తీసి నా చేతికిచ్చింది. ఇగ తొడుగు అక్కా, అంది. నేను తొడుగుతుంటే పక్కనే నిలబడి చూసింది. నేను ఆయన పాపిడి ఎడమవైపుకి దువ్వాను, అదీ చూసింది. లవంగం ఒకటి నాకూ ఇచ్చింది.

దేవుడి దయవల్ల ఆయన మామూలు మనిషయ్యారు. ఉద్యోగంలో చేరారు. ఒక్కటి మాత్రం పోయింది. గుండె ఆగక ముందు కొన్ని నెలల సంగతులు తుడిచిపెట్టుకుపోయాయి. ఈ ఫ్లాట్‌కి మారడం గుర్తులేదు. పాల సంగతీ గుర్తులేదు. ఐసీయూలో గుర్తున్నది ఆవిడ గొంతొక్కటే. ఎవరో పాలు పొంగుతున్నయి లే అన్నారనీ, ట్రాఫిక్ గురించి ఏదో చెప్పారనీ. ఇంటికి చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళకీ అదే కథ. చూశారా ఆ సిస్టర్ తెలివి, ఎలాంటి మాటతో లేపిందో, ఎవరికి తడుతుందండీ అలాంటి ఉపాయం అనేవారు. నేను వంటింట్లో కాఫీ కలుపుతూ వినేదాన్ని. చెంచా గ్లాసుకి కాస్త గట్టిగానే తగిలేది.

ఆ మాట నాదని చెప్పొచ్చుగా అంటారు. ఎందుకు చెప్పాలి? నా మాటని నాదేనని అడుక్కుని తెచ్చుకోవాలా? ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ పొద్దున్న ఆయన్ని ఆ మాటతో లేపడం మానేశాను. సెల్‌ఫోన్లో అలారం పెట్టాను. ఇప్పుడు అలారానికే లేస్తున్నారు. అద్దం ముందు నిలబడి పాపిడి తీసుకుంటారు, కుడివైపుకి. ఎప్పుడు మొదలుపెట్టారో ఆయనకే తెలీదు.

ఏడాదికోసారి చెకప్‌కి వెళ్ళినప్పుడు ఆవిడకి పూతరేకులు తీసుకెళ్ళడం ఆనవాయితీ. ఆనవాయితీ ఆయనది, మోత నాది. మా పుట్టింటివాళ్ళు పంపినవి, అందులో మంచివి ఏరి మరీ పెట్టించేవారు. ఆవిడ అక్కడే విప్పి, ఒళ్ళంతా పొడి రాలేట్టు తినేది. కిందటేడు ఆయన రక్తపరీక్షకి వెళ్ళినప్పుడు మేమిద్దరమే ఉన్నాం. మూతి తుడుచుకుంటూ అడిగింది.

"ఆ పాల మాట నీదని సారుకు చెప్పినవా అక్కా?"

లేదన్నాను. ఆవిడ నవ్వలేదు.

"చెప్పు. నీ మాట నేనెన్నాళ్ళు పెట్టుకోవాలె? నువ్వు చెప్పకుంటే మల్లొచ్చినప్పుడు నేనే చెప్త."

సరే చూద్దాంలెండి అన్నాను. ఆవిడే చెప్తే బావుంటుందని లోపల అనుకున్నాను. ఆవిడ నోటి నుంచి వస్తే దానికి విలువ వేరు, నేను అడగనూ అక్కర్లేదు.

పోయిన వారం మళ్ళీ వెళ్ళాం. ఆయన్ని కింద పరీక్షల దగ్గర కూర్చోబెట్టి, పెట్టె పట్టుకుని నేను పైకెళ్ళాను. తలుపు తీసిన అమ్మాయి కొత్తది. ఎవరి కోసమో చెప్పగానే మొహం దించుకుంది. కామెర్లు ముదిరాయట. వాళ్ళ ఊరు తీసుకెళ్ళారట. పోయి నాలుగు నెలలయిందట. ఆ పెట్టె ఆ అమ్మాయి చేతుల్లో పెట్టేసి మెట్ల మీద కూర్చున్నాను. ఉక్రోషం వచ్చిందన్నది అప్పుడే. నాకు తిరిగిస్తానన్న మాట ఇవ్వకుండా పోయింది. నాకు సాక్షి ఆవిడొక్కతే. ఇప్పుడు నేను చెప్పినా, చచ్చిపోయిన మనిషి మంచితనంలోంచి కాస్త గీక్కుంటున్నట్టుంటుంది. ఆయన సరేలే అని తలూపుతారు. ఆ తలూపు నేను భరించలేను.

తిరిగొచ్చేటప్పుడు జంక్షన్ దగ్గర కారు ఆగింది. ఎప్పట్లాగే నవ్వుతూ, ఏమంటోంది మీ చెల్లెలు, పూతరేకులు తిందా అన్నారు. ఒక్క క్షణం, తింది అని చెప్పేద్దామనుకున్నాను. చెప్పలేదు. జరిగింది చెప్పాను. ఆయన చెయ్యి స్టీరింగు మీంచి లేచి తల మీదకి వెళ్ళింది, పాపిడి దగ్గర ఆగింది. వెనకాల హారన్లు మోగుతున్నాయి. ఇల్లు చేరాక అన్నం కలిపి వదిలేశారు.

మర్నాడు అలారం మోగింది. ఆయన లేవలేదు. మళ్ళీ మోగింది. నేను స్నానం చేసొచ్చేసరికి కూడా అలాగే వెల్లకిలా, కళ్ళు మూసుకుని ఉన్నారు. నిద్ర కాదని ఊపిరి చూస్తేనే తెలుస్తోంది. కానీ ఆ మూసిన కళ్ళు చూడగానే తెల్లటి ఆ మంచం, గొట్టాలు, నా పిలుపుకి కదలని ఆ రెప్పలు గుర్తొచ్చాయి. తెలీకుండానే వంగి పాదం ముట్టుకున్నాను. వెచ్చగా ఉంది.

మంచం పక్కకెళ్ళి నిలబడ్డాను. ఏమండీ, పాలు పొంగిపోతున్నాయి అని నా మాట నా మాటగానే అనాలనుకున్నాను. మూడేళ్ళుగా దాచుకున్నది, నోటి దాకా వచ్చింది. కానీ బయటికి వచ్చింది వేరే.

"పాలు పొంగుతున్నయి సారూ, లే."

ఆయన కళ్ళు తెరిచారు. ఈసారి ఎదురుగా నేనున్నాను.